ఆకు మీదవి, బెరడు మీదవి

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. వేడి పలక మీద గాజు గిన్నెలో పొటాష్ నీళ్ళు ఆవిరి కూడా వదలకుండా మొండికేసి కూర్చున్నాయి, వాటి అడుగున ఆరు పొలుసు పురుగులు, ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు, లోపలున్నదంతా కరిగి ఒట్టి తోలు మిగిలేదాకా నిన్ను లేవనిచ్చేది లేదన్నట్టు పడి ఉన్నాయి. పలకకి తిక్క. ఒకరోజు ఐదు నిమిషాల్లో సలసల కాగబెట్టి పురుగుల్ని ముద్ద చేస్తుంది, ఇంకోరోజు చెయ్యి ఆనించినా చురుక్కుమనదు, బాగు చేయించమని ఈ పురుగుల ల్యాబు చూసుకునే ఆవిడ రాసిన ఉత్తరాలన్నీ పోగేసి నిప్పు పెట్టి ఉంటే ఆ మంటకైనా ఈ గిన్నె ఈపాటికి కాగి ఉండేది. ఐదింటికల్లా రిపోర్టు పెద్దసారు బల్ల మీద ఉండాలి. రేపు పొద్దున్నే పురుగు పట్టిన చెట్లు కాల్చేవాళ్ళ బండి బయట కూర్చున్న తోటాయన నర్సరీకి వెళ్ళాలా వద్దా అన్నది చెప్పాల్సింది ఈ ఆరు పురుగులు, వాటి తరఫున ఆవిడ. పుట్టాక ఒకటి రెండు రోజులు పాకుతాయి, అంతే, ఆ తర్వాత ఎక్కడ మూతి గుచ్చితే అక్కడే, కాళ్ళు కూడా లేకుండా పోయి, నెత్తిన పొలుసు కప్పుకుని, చెట్టు రసం పీల్చుకుంటూ చచ్చేదాకా అదే చోటు. వాటిని చూసి నవ్వడానికి లేదు, ఆవిడ కూడా ఇరవై రెండేళ్ళుగా ఇదే కిటికీ పక్కన ఇదే కుర్చీలో ఉంది, ఆఫీసులో అందరూ వెనకాల పొలుసు మేడమ్ అంటారని ఆవిడకి తెలుసు, ముందర అన్నా పెద్దగా పట్టించుకునేది కాదు. ఇవాళ మాత్రం ప్రతిదీ గుచ్చుకుంటోంది.

తోటాయన పొద్దున తొమ్మిదింటికే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళ మధ్య కుండీ, కుండీలో మోకాలెత్తు నిమ్మ మొక్క, మొక్క చుట్టూ దోమతెర, తెర అంచుని కుండీ మూతికి తాడుతో మూడు చుట్లు చుట్టి ముడేశాడు. పదకొండేళ్ళ కింద ఈయన నిమ్మతోట తగలబడింది ఆవిడ సంతకంతోనే. జుట్టంతా నెరిసిపోయింది కాబట్టి ఆవిడ గుర్తుపట్టలేదు, ఆయనే చెప్పుకున్నాడు, కోపంగా కాదు, ఫలానా ఇంటివాళ్ళమని చుట్టరికం కలుపుకున్నంత మామూలుగా చెప్పాడు. తోట పోయాక నర్సరీ పెట్టుకున్నాడట, నిమ్మ అంట్లే, మళ్ళీ పొలుసు కనబడింది, మళ్ళీ ఇన్‌స్పెక్టరు వచ్చి నాలుగాకులు కోసుకెళ్ళాడు. ఈసారి ఆయన ఊరుకోలేదు, ఇన్‌స్పెక్టరు రాకముందే, పొలుసు కనబడ్డ రోజే మొదలుపెట్టాడు. ఒక చెట్టు బెరడు మీద ఒక్క తల్లి పురుగుని గుర్తు పెట్టుకుని, దాని పొలుసు కింద నుంచి పాక్కుంటూ వచ్చిన పసుప్పచ్చ పిల్లల్ని, కంట్లో నలకంత కూడా లేనివాటిని, మనవరాలి రంగుల కుంచెతో ఒక్కొక్కటే ఎత్తి, ఏ పురుగూ అంటని ఈ మొక్క ఆకుల మీదకి దించి, తెర కట్టి, డెబ్భై రోజులు కాపలా కాశాడు. ఏ రోజు ఏం చూశాడో క్యాలెండరు మీద రాసుకుని ఆ కాగితాలు కూడా చుట్ట చుట్టి తెచ్చాడు. ఆయన చెప్పినదంతా విని ఆవిడ, ఇలా ఇంట్లో చేసినవి లెక్కలోకి రావండీ అంటే, ఆయన తల ఊపి, తాడు ముడి విప్పుతూ ఒకే మాట అన్నాడు.

"తల్లి బెరడు మీదదమ్మా. పిల్లలు కొన్ని ఆకు మీదే ఉండిపోయాయి, కొన్ని దిగి మళ్ళీ బెరడెక్కాయి. ఆకు మీదవి ఒక జాతి, బెరడు మీదవి ఇంకో జాతి అని మీ కాగితంలో ఉంది. ఒక తల్లి పిల్లలు రెండు జాతులెలా అవుతారో చెప్పండి, నేను వెళ్ళిపోతాను."

ఆ మాటకి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కక ఏం చేస్తుంది. బెరడు మీద ఉండేది అందరికీ తెలిసిన మామూలు పొలుసు, పట్టని తోట లేదు, దానికి మందు కొట్టుకుంటారు, ఎవరూ కాల్చరు. ఆకు మీద ఉండేది ఆవిడది. ఆవిడ కనిపెట్టినది, ఆవిడ బొమ్మ గీసినది, పేరు పెట్టినది, ఎక్కడా లేని కొత్త జాతి అని పందొమ్మిదేళ్ళ కింద లోకానికి చాటినది. కొత్తది కాబట్టి ఎంత చేటు చేస్తుందో ఎవరికీ తెలియదు, తెలియదు కాబట్టి భయం, భయం కాబట్టి జాబితాలోకి ఎక్కింది, కనబడితే చుట్టుపక్కల చెట్లతో సహా కాల్చాలని. రెండూ ఒకటే అయితే ఆ జాబితాలో ఒక వరుస తప్పు. ఆ వరుస తప్పయితే పందొమ్మిదేళ్ళలో కాల్చినదంతా తప్పు. ఇంత పెద్ద మాటని కుండీలో పెట్టి, తెర కట్టి, మనవరాలి కుంచె పట్టుకొచ్చాడు పెద్దమనిషి. గిన్నెలో చిన్న బుడగ ఒకటి లేచింది, అమ్మయ్య, లేచింది.

సూదితో ఒక్కోదాన్నీ మెల్లగా నొక్కితే పక్కనుంచి లోపలిదంతా పలచటి పాలలాగా కారిపోతోంది, మిగిలిన తోలు నీళ్ళలో తేలి ఇటు తిరుగుతోంది అటు తిరుగుతోంది, అడిగినవైపు తప్ప అన్నివైపులా తిరుగుతోంది. ఆకు మీదవి రెండు, బెరడు మీదవి రెండు, ఆ రెంటికీ మధ్య తొడిమ మీద కూర్చున్నవి రెండు. తొడిమ మీదవాటిని తీయాలని ఆవిడకెందుకు తోచిందో ఆవిడకే తెలియదు, తెర విప్పగానే కళ్ళు ముందు అక్కడికే పోయాయి, అటు ఆకూ కాదు ఇటు కొమ్మా కాదు, ఇక్కడ కూర్చున్నదాన్ని ఏమంటావు అని ఎవరో అడిగినట్టయింది. పొద్దున తల్లిని చూసింది, అగ్గిపెట్టెలో కొమ్మ ముక్కతో సహా తెచ్చాడు దాన్ని, అది మామూలు పొలుసే, సందేహం లేదు. పిల్లల్ని ఇప్పుడు చూడాలి. నీళ్ళలో కడగడం, గులాబీ రంగులో ముంచడం, లవంగ నూనెలోకి మార్చడం, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే బుర్ర ఖాళీగా ఉండి, ఉండకూడని చోట్లకి పోతోంది.

లవంగ నూనె వాసన వస్తే చాలు మాస్టారు వచ్చి భుజం వెనక నిలబడతారు. చనిపోయి ఎనిమిదేళ్ళయింది, అయినా వస్తారు, పంటినొప్పికి దవడలో పెట్టుకున్నంత ఘాటు ఆయన చొక్కాలో, పుస్తకాల్లో, ఆయన దిద్దిన ప్రతి కాగితంలో ఉండేది. ఈ పనిలో ఆవిడకి తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే. సూది ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, పురుగు తిరగబడితే తిట్టకుండా ఎలా ఉండాలో, ఆ చివరిది ఒక్కటే ఆవిడకి ఒంటబట్టలేదు. నమూనాలకి వెళ్ళేటప్పుడు ఆకులే కొయ్యమనేవారు. ఆకు మడవకుండా కవర్లో సరిపోతుంది, పుస్తకంలో అణిగి ఉంటుంది, కొమ్మ పెడితే ముల్లు గుచ్చుకుని కవరు చినుగుతుంది, చినిగిన కవర్లోంచి పురుగులు రాలి ఏ చెట్టువి ఎక్కడివో తెలియకుండా పోతాయి, కత్తి మొండిబారుతుంది, అందుకని ఆకు చాలు. ఆయన మాస్టారు ఆయనకి అదే చెప్పారు. అలమారాలో నలభై ఏళ్ళ కవర్లున్నాయి, అన్నీ ఆకులే, ఒక్క కొమ్మ లేదు, ఎవరూ ఎప్పుడూ ఇదేమిటని అడగలేదు, వంటింట్లో ఉప్పు డబ్బా ఇక్కడే ఎందుకుందని ఎవరడుగుతారు. అబద్ధం. ఒకరు అడిగారు.

కాదు, ఇప్పుడు అది కాదు, ఇప్పుడు స్లైడు. ఒక చుక్క జిగురు, మధ్యలో పురుగు, జాతిని తేల్చే తోక పలక పైకి కనబడేలా, సూది మొనతో సర్దు, గాజు రేకు ఒక అంచు ఆనించి మెల్లగా, మెల్లగా, ఇంతలో ఫోను. పెద్దసారు. ఏమ్మా తేలిందా అంటాడు, తేలకపోతే తేలలేదనే రాసెయ్యమ్మా, మనకెందుకొచ్చిన తంటా అంటాడు. తేలలేదని రాస్తే కాల్చేస్తారు, రూలు అంతే, సందేహం ఉంటే నిప్పే. అది ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు, తోటాయనకి కూడా తెలిసే ఉంటుంది. చూస్తున్నానండీ అని పెట్టేసి తిరిగేసరికి గాజు రేకు ఎగిరి పక్కకి పడి ఉంది, జిగురులో ఉన్న తొడిమ పురుగు లేదు. గాజు రేకు అంచుకి అంటుకుందా, లేదు, సూదికా, లేదు, బల్ల మీదా, నేల మీదా, చీర కుచ్చెళ్ళలోనా, భూతద్దం పెట్టి బల్లంతా వెతికి, తోలుగా మారిన ఆవగింజలో సగాన్ని ఈ దుమ్ములో వెతకడం ఏమిటని ఒళ్ళు మండి సూది విసిరికొట్టి, విసిరిన సూదిని మళ్ళీ వంగి వెతుక్కుంది. ఫ్యాను. తనే కట్టలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం అంటూ అందరూ చేతులు కట్టుకు నిలబడే మనిషి ఫ్యాను కట్టడం మరిచిపోయింది. తొడిమ మీదవి రెండున్నాయి, ఇప్పుడు ఒకటుంది.

నాలుగూ ఇరవై ఐదు. మగపురుగులే నయం. వాటికి రెక్కలుంటాయి, నోరుండదు, తినే పనే లేదు, ఒకరోజు ఎగిరి పోతాయి, ఎవరి తోటా కాల్చవు, ఎవరి మీదా కాగితాలు రాయవు. ఇంట్లో ఆయన ఒకసారి ఈ మాట విని, నోరు లేకపోతే మగాడు ఒకరోజు బతకడం కూడా ఎక్కువే అన్నాడు, ఆయన జోకులు అలాగే ఉంటాయి, ఇప్పుడు అది గుర్తొచ్చి నవ్వు రాకపోగా విసుగొచ్చింది. ఆకు మీద మొదటిదానికి గాజు రేకు వేసింది, బుడగ. రేకు తీసి మళ్ళీ వేసింది, బుడగ లేదు కానీ తోక పలక మడత పడింది. సూదితో మడత తీసింది, కుడివైపు చినిగింది, పోనీ, ఎడమవైపు చాలు, రెండువైపులా ఒకేలా ఉంటాయి, ఉంటాయని మాస్టారు చెప్పారు. మాస్టారు చెప్పినవాటిలో ఏది నిజమో ఇప్పుడు ఎవరిని అడగాలి. మళ్ళీ ఫోను, ఈసారి అక్క, ఈ వేళప్పుడు బట్టలిచ్చేవాళ్ళూ పట్టుకెళ్ళేవాళ్ళూ రారు కాబట్టి రోజూ చేస్తుంది, ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తుంది.

అక్క దర్జీ. అమ్మ పోయాక చదువు మానేసి మిషను ముందు కూర్చుంది, ఆ మిషను చప్పుడులోనే ఆవిడ చదువంతా సాగింది, పరీక్షలు రాసింది, ఉద్యోగం తెచ్చుకుంది. ఆ ఋణం తీర్చుకోవడానికి ఆవిడ దగ్గర ఏముంది, ఒక పురుగుంది. అక్క పేరుకి లాటిన్ తోక తగిలించి ఆ పురుగుకి పెట్టింది. అచ్చయిన కాగితం మొదటి పేజీని అక్క అద్దం కట్టించి, జాకెట్ల మెడల బొమ్మలున్న గోడ మీద, వాటి నడుమ తగిలించింది, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు అదేమిటంటే, అది నేనే, నా పేరున ఒక పురుగుంది, మీ పేరున ఏముంది అని అడుగుతుంది, కత్తెర ఆపకుండా. పందొమ్మిదేళ్ళుగా అదే మాట, అదే నవ్వు. మిగతా ఎవరికి చెప్పినా చెప్పకపోయినా అక్కకి చెప్పాలి, ఆ అద్దం గోడ మీద నుంచి ఎలా దించుతారు, దించాక ఆ చదరం గోడకి మిగతాదాని రంగుండదు.

"ఏం చేస్తున్నావే?" అంది అక్క.

"నీ పురుగునే చూస్తున్నా."

"బాగుందా?"

ఆవిడ సూది మొన గుడ్డకి తుడిచింది. అక్క జవాబుకి ఆగకుండా ఎవరిదో జాకెట్టు చేతులు బిగుతైన సంగతి చెప్పి, మనిషి లావెక్కితే కొలతలు మారవా, అదే మనిషీ అదే గుడ్డా, తప్పు నాదట అని కాసేపు ఆ మనిషిని దులిపేసి, మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఇంకా ఆ ఆకులవేనా? కొమ్మలవి ఎప్పుడైనా చూశావా?"

ఆవిడ చేతిలో సూది ఆగింది. అక్కకి గుర్తుందన్నమాట. ఇన్నేళ్ళూ తనకొక్కదానికే గుర్తుందనుకుంది, తనకొక్కదానికే గుర్తున్నది ఏదో ఒకరోజు తనకీ గుర్తుండదనుకుంది. ఆ పురుగు దొరికిన రోజు ఎండ. ఇద్దరూ బస్సు దిగి నడిచిన మట్టి రోడ్డు, ఎవరిదో కంచె లేని నిమ్మతోట, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు తిప్పి తిప్పి చూస్తుంటే అక్క చెట్టుకి చేరబడి చెప్పు లోపల దూరిన ముల్లు తీసుకుంటోంది. ఆకు అడుగున నాలుగు, ఐదు, లేత గోధుమ రంగు, ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు, ఒళ్ళు ఝల్లుమంది, కొత్తవి, కొత్తవి, మాస్టారుకి చూపించాలి. అక్క ముల్లు తీసి, చెట్టు మీద చెయ్యి ఆనించి లేస్తూ, బెరడుని గోరుతో గీకి, కొమ్మ మీద కూడా ఇవే ఉన్నాయి కదే అంది. దారం రంగు చూసి ఏ గుడ్డదో చెప్పే కళ్ళు అవి. ఆవిడ తల కూడా తిప్పలేదు, అవి మామూలువి అక్కా, వదిలెయ్ అంది. చూసిందా? చూసింది. ఓరకంట చూసింది, చూసి, చూడనట్టు ఆకు మీదకి తిరిగింది, కవరు తీసి నాలుగాకులు వేసి పెన్సిలుతో ఆకు అడుగున అని రాసింది. ఆ మాటే ఇప్పటికీ ఉంది, ఎర్ర చీటీ అంటించి ఆ జాతికి సాక్ష్యంగా దాచిన మూల నమూనా స్లైడు మీద, అలమారాలో పై అరలో, ఆవిడ చేతి రాతే.

"చూడలేదు," అంది ఫోనులో.

"ఎందుకే?"

"కొమ్మలు పెడితే కవర్లు చినిగిపోతాయి."

అక్క మిషను చక్రం చేత్తో ఆపిన చప్పుడు వినబడింది.

"అడిగితే గుడ్డ సంచి కుట్టిచ్చేదాన్ని కదే," అంది.

ఫోను పెట్టేశాక కాసేపు ఏమీ కనబడలేదు, కళ్ళజోడు తుడుచుకుంటే కనబడుతుందనుకుని తుడుచుకుంది. గుడ్డ సంచి. నలభై ఏళ్ళ అలమారాకి, మాస్టారుకి, మాస్టారు మాస్టారుకి ఒక్కరికీ తట్టలేదు, తాడు లాగితే మూతి బిగిసే మూరెడు గుడ్డ సంచి, అక్క అయితే పావుగంటలో పది కుట్టేది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, మాస్టారు మీదకి పోనిచ్చి చూసింది, నిలవలేదు, తిరిగి తన దగ్గరికే వచ్చి కూర్చుంది. నాలుగూ నలభై. ఫ్యాను కట్టేసింది. తలుపు వేసింది. మిగిలిన నాలుగింటికీ ఊపిరి బిగబట్టి ఒక్కొక్కదానికీ గాజు రేకు వేసింది.

మైక్రోస్కోపు మర పాతబడి ఒకవైపు తిరగదు, చిటికెన వేలితో నెట్టాలి, నెట్టింది. ముందు బెరడు మీదవి. తోక పలక అంచున నడిమి పళ్ళు రెండూ విడివిడిగా, వాటి మీదుగా మైనం కారే రంధ్రాలు ఐదు గుంపులు, లెక్క పెట్టింది, ఒక గుంపులో ఇరవై ఒకటి, రెండోదాంట్లో పందొమ్మిది, మామూలు పొలుసు, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఆకు మీదవి. నడిమి పళ్ళు మొదట్లో అతుక్కుని ఉన్నాయి, రంధ్రాలు ఏడు, రెండోదాంట్లో ఎనిమిది, ఇది అక్క పేరున్నది, పది లోపు రంధ్రాలు, అతుక్కున్న పళ్ళు అని పందొమ్మిదేళ్ళ కింద తాను రాసిన వాక్యానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది, ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది, సిగ్గులేని సంతోషం, చూశావా రెండూ వేరే అని. తెరలోకి ఇంకెక్కడినుంచో దూరాయని రాయొచ్చు. రంధ్రం లేని దోమతెర ఉంటుందా, ఆయన ఏమైనా శాస్త్రజ్ఞుడా, డెబ్భై రోజులూ నిద్రపోకుండా ఉన్నాడా. అలా రాస్తే కాదనే మనిషి లేడు, ఈ పళ్ళు లెక్కపెట్టగలిగినవాళ్ళు ఇక్కడ ఇంకెవరూ లేరు, పై ఊళ్ళో ఉన్న ఒకాయన కళ్ళకి శుక్లాలు. ఐదింటికి కాగితం పోతుంది, రేపు బండి పోతుంది, అద్దం గోడ మీదే ఉంటుంది. అప్పుడు తొడిమ మీదది పెట్టింది.

పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది, పద్నాలుగు. ఇంకో గుంపు, పదమూడు. నడిమి పళ్ళు సగందాకా అతుక్కుని, అక్కడినుంచి విడిపోయి, ఏ మాట మీదా నిలబడని మనిషిలా. అటు ఏడూ కాదు, ఇటు ఇరవై ఒకటీ కాదు. బయటినుంచి దూరింది ఆకు మీద ఏడుగా ఉండొచ్చు, బెరడు మీద ఇరవై ఒకటిగా ఉండొచ్చు, రెంటికీ మధ్య ఉన్నది ఎక్కడినుంచీ దూరలేదు, అది అక్కడే పుట్టి పెరిగి, కూర్చున్న చోటుని బట్టి అలా తయారైంది. ఆకు మీద కూర్చుంటే ఆకుకి తగ్గట్టు, బెరడు మీద కూర్చుంటే బెరడుకి తగ్గట్టు. జాతి ఒకటే. లావెక్కితే కొలతలు మారవా అంటోంది అక్క చెవిలో. మర వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉండాలి కదా, అలా లేదు, పందొమ్మిదేళ్ళుగా ఎవరో వీపు వెనక నిలబడి ఇప్పుడు ముందుకొచ్చినట్టుంది. పేరు పోదు, అదొకటి ఉంది ఈ విద్యలో, ఒకసారి పెట్టిన పేరుని చెరపడానికి వీల్లేదు, మామూలు పొలుసు పేరు కింద, చిన్న అక్షరాల్లో, దీన్నే పొరపాటున ఇలా కూడా అన్నారు అని అక్క పేరూ, పక్కన ఆవిడ పేరూ, కాగితాలున్నంత కాలం ఉంటాయి.

ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా తలుపు తీసింది. తోటాయన బల్ల మీద కూర్చునే నిద్రపోతున్నాడు, గడ్డం గుండెకి ఆని, ఒక చెయ్యి మాత్రం కుండీ అంచు వదల్లేదు. లేపడానికి ఏమని పిలవాలో తెలియక ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది, కుండీకి ఆవిడ పాదం తగిలి ఆయనే కళ్ళు తెరిచాడు. లోపలికి రండి, చూడండి అంటే వచ్చి, టోపీ తీసి, గొట్టానికి కన్ను ఆనించి, నా కనురెప్ప వెంట్రుకలే కనబడుతున్నాయమ్మా అన్నాడు. ఇంకొంచెం వెనక్కి జరగండి అంది. జరిగాడు. గులాబీ రంగులో ఏదో ఉందన్నాడు.

"రెండూ ఒకటే," అంది ఆవిడ. "మీ నర్సరీ కాల్చరు. అప్పుడు మీ తోట కూడా కాల్చక్కర్లేకపోయింది."

ఆయన కన్ను తియ్యలేదు. గొట్టంలోకి చూస్తూనే చాలాసేపు ఉన్నాడు, ఆ పద్నాలుగునీ ఆయనా లెక్కపెడుతున్నాడేమో అన్నంత సేపు. తిడతాడేమో అని ఆవిడ ఎదురుచూసింది, తిడితే బాగుండు అనుకుంది.

"ఎన్ని చెట్లో గుర్తుందామ్మా మీకు?" అన్నాడు.

గుర్తులేదు. ఏడు, ఎనిమిది, పందొమ్మిది, ఇరవై ఒకటి అన్నీ గుర్తున్నాయి, పందొమ్మిదేళ్ళ కింద చూసిన మొదటి పురుగు రంధ్రాలు ఏ గుంపులో ఎన్నో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది, అది తెలియదు. రిపోర్టులో ఆ గడి ఉండదు. లేదండీ అంది.

"మూడొందల నలభై," అన్నాడాయన, టోపీ పెట్టుకుంటూ, మామూలుగా. కుండీ ఇక్కడే ఉంచమంటారా, పట్టుకెళ్ళిపోనా అని అడిగాడు. ఇక్కడే ఉంచండి అంది. తెర మళ్ళీ కట్టి, తాడు మూడు చుట్లు చుట్టి, ముడేసి, వెళ్ళిపోయాడు.

పెద్దసారు గదికి కాగితం పంపేసింది, రెండు వాక్యాలు, మామూలు పొలుసు, కాల్చవలసిన అవసరం లేదు. గంట ఐదు కొట్టింది, వరండాలో కుర్చీలు జరిపిన చప్పుడు, తాళాల చప్పుడు, అందరూ వెళ్తున్నారు. ఆవిడ లేవలేదు. తప్పుని తప్పని అచ్చు వేయించే కాగితం ఎప్పటికైనా రాయాల్సిందే, రేపటికి ఉంచితే రేపు ధైర్యం ఉంటుందో లేదో. అలాంటి కాగితం చివర పరీక్షించిన నమూనాలన్నీ వరసగా రాయడం ఆనవాయితీ, ఒక్కటి వదిలినా మాస్టారు ఒప్పుకునేవారు కాదు, ఏ చెట్టు, చెట్టులో ఏ భాగం, ఎన్ని, ఎవరు తెచ్చారు. తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. నిమ్మ, బెరడు, తల్లి ఒకటి, తోటాయన. నిమ్మ, ఆకు, రెండు, తోటాయన. నిమ్మ, బెరడు, రెండు, తోటాయన. నిమ్మ, తొడిమ, ఒకటి, ఇంకొకటి పోయింది, నా అజాగ్రత్త. నిమ్మ, బెరడు, పందొమ్మిదేళ్ళ కింద, చూసినది మా అక్క, సేకరించలేదు. ఇక్కడ పెన్ను ఆగింది. కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు తీశారు. తర్వాత కింది వరుసలో, పై వరుసల అక్షరాల సైజులోనే రాసింది: నిమ్మ, మూడొందల నలభై చెట్లు, పరీక్షించలేదు.